ఓడ దిగిన గిటారు

మొదట కేసెట్టు మోసం చేసింది.
గంటస్తంభం పక్క సందులో
ఇరవై రెండు రూపాయలు పోసి కొన్నాం.
అట్ట మీద మంటలు, జుట్టు విరబోసుకున్న నలుగురు,
లోపల రెండున్నర పాటలు.
మూడోది సగంలో తెగి
ఎవరిదో పెళ్లి సన్నాయి.

అదీ రాక్‌లో భాగమే అనుకున్నాం.
డేవిడ్ వాళ్ల చర్చి గిటారుకి అయిదే తీగలు.
వాటి మీదే తవుడు నెల్లాళ్లు కూర్చుని
ఆ సన్నాయి ముక్క పట్టేశాడు.
"ఏట్రా ఈ తెల్లోలు
మన కల్యాణి వాయించెస్తన్నారు!"
అని మురిసిపోయాడు కూడా.

మా బ్యాండు పేరు మిడ్‌నైట్ ఫోర్టు.
విజయనగరం కదా, కోట లేకుండా ఎలా?
నా డ్రమ్ము మీద పేరు రాసిన పెయింటరు
ఫోర్టుని పోర్టు చేసేశాడు.
దిద్దడానికి ఇంకో పాతిక అడిగాడు. వదిలేశాం.

ఆ తర్వాతి నెలలో
హార్బరు నుంచి వచ్చానంటూ
కెప్టెన్ విక్టరు దిగాడు.
తెల్ల బూట్లు. మాటకి ముందో దగ్గు.
దుప్పటి విప్పితే నెత్తుటి రంగు గిటారు.
"నిన్న రాత్రే ఓడ దిగింది,
కస్టమ్సు వాళ్ల కంట పడితే నా పని ఖాళీ"
అని గొంతు తగ్గించాడు.
ఎందుకో మా గొంతులూ తగ్గిపోయాయి.

పదకొండు వేలు.
నెల్లిమర్ల జూట్ మిల్లుకి తాళం పడే ముందు
తవుడి నాన్న చేతికొచ్చిన ఆఖరి బోనసు,
డేవిడ్ సైకిలు,
నా స్కాలర్‌షిప్పు,
పైడిరాజు ఎక్కణ్నుంచో తెచ్చిన రెండు వేలు.
ఎక్కణ్నుంచో ఇప్పటికీ అడగలేదు.

క్రిస్మస్‌కి ఓడ మీద మీదే షో,
జీతం డాలర్లలో అన్నాడు.
మనిషికి ఎనిమిదేసి పాస్‌పోర్టు ఫొటోలు పట్టుకుపోయాడు.
నా పదహారో ఏటి మొహం
ఎవరి జేబులో నానిపోయిందో.

కాలేజీ వార్షికోత్సవం.
రెండో పాటకే తవుడి తెల్ల చొక్కా
పొట్ట దగ్గర ఎర్రబడింది.
చెమటకి రంగు దిగుతోంది.
జనం నెత్తురనుకున్నారు.
ఈలలు, కేకలు, కుర్చీల మీదకెక్కి చప్పట్లు.
జీవితంలో మాకు దక్కిన పెద్ద చప్పట్లు అవే.

తెల్లారి చూస్తే
రంగు పోయిన చోట పసుపుపచ్చ చెక్క.
"ఇది పనస" అంది తవుడి అమ్మ,
బియ్యం చెరగడం ఆపకుండా.

బొబ్బిలి బస్సెక్కి గొల్లపల్లి పోయాం.
వీణ కుండ తొలుస్తున్న ఆచారి
గిటారు వెనక్కి తిప్పి, గోటితో గీరి
"నాదే" అన్నాడు.
"ఏకాండి వీణకని తెచ్చిన దుంగ. లోన చీలికుంటే పక్కనెట్టినాను.
తెల్ల బూట్లాయనేనా?
తొమ్మిదొందలన్నాడు, నాలుగొందలిచ్చినాడు.
మిగతాది ఓడొచ్చినాక అన్నాడు."

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
చెక్కపొట్టు మా చెప్పుల్లోకి వచ్చి పడుతోంది.

"మోగుతందా మరి?"
కోపం లేదు ఆ గొంతులో.
చేసినవాడికుండే ఆత్రం, అంతే.
ప్లగ్గు లేదు, డబ్బా లేదు,
తవుడు ఉత్తినే వాయించాడు.
చేతికి అలవాటై
ఆ పెళ్లి సన్నాయి ముక్కే వచ్చింది.
ఆచారి ఉలి పక్కన పెట్టాడు.
"నాలుగో మెట్టు ఎత్తుంది. కూకోండి."
అరగంటలో సరిచేసి ఇచ్చాడు.
డబ్బులు అడగలేదు.
అడిగినా, మా దగ్గరున్నది బస్సు ఛార్జీ.

ఇప్పుడు నాది మైకుసెట్ల షాపు.
కౌంటరు వెనక మేకుకి వేలాడుతోంది అది.
"ఫారినుదా అంకుల్?" అంటారు కుర్రాళ్లు.
"ఓడ మీద వచ్చింది" అంటాను, దగ్గి మరీ.
ఎందుకంటానో నాకే తెలీదు.

వానాకాలంలో దాని పొట్టలోంచి
పనసతొనల వాసన వస్తుందంటాడు తవుడు.
రాదు.
ముక్కు ఆనించి చూశాను.